పన్నెండు మూరల లెక్క

మా మేనకోడలికి కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. చీర కట్టుకుని వెళ్తానంది, సరే అన్నాను. మామూలు కట్టు వద్దట. ఫోన్‌లో చూసిన ‘ధోతీ స్టైల్’ కావాలట. లెగ్గింగ్స్ మీద చీర చుట్టి, కుచ్చిళ్ళను కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి దోపి, నడుముకు తోలు బెల్టు పెట్టుకోవాలి. నా బీరువాలోంచి ఆకుపచ్చ జార్జెట్ చీర తీసి అద్దం ముందు గంటన్నర కుస్తీ పట్టింది. వెనక దోపింది నాలుగడుగులకే ఊడి వస్తోంది. దాన్ని సర్దితే పైట పొట్టవుతోంది. పైట లాగితే ముందు కుచ్చిళ్ళు మాయం. చివరికి మంచం మీద కూలబడి అడిగింది: “అత్తా, ఆ వీడియోలో అమ్మాయి చీర పొడుగుదా, నీ చీరే పొట్టిదా?”

నా చీర పొట్టిదేం కాదు. అయినా అది అడగాల్సిన ప్రశ్నే అడిగింది. చీరకట్టు అంటే చివరికి ఒక లెక్క. ఒంటి చుట్టూ తిప్పడానికి ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది, ఆ మిగిలిన బట్టను ఎక్కడ పెట్టాలి? ఈ మూడో ప్రశ్నకు ఒక్కో ఊరు, ఒక్కో కులం, ఒక్కో పని ఒక్కో జవాబు చెప్పుకుంది. ఆ జవాబులనే మనం కట్లు అంటున్నాం.

మన దగ్గర చీరను మూరల్లో కొలిచేవారు. మూర అంటే అర గజం, 18 అంగుళాలు. ఆరు గజాల చీర 12 మూరలు, దాదాపు అయిదున్నర మీటర్లు. తొమ్మిది గజాలది 18 మూరలు, ఎనిమిది మీటర్ల పైచిలుకు. ఇప్పుడు మనందరం కట్టుకునే 12 మూరల చీర ఎటెటు పోతుందో ఒకసారి టేపు పెట్టి చూశాను. నడుం చుట్టూ మొదటి చుట్టుకు రెండుంబావు మూరలు. ఒక్కో కుచ్చె 5 అంగుళాల వెడల్పనుకుంటే మడతతో కలిపి 10 అంగుళాలు తింటుంది. ఏడు కుచ్చిళ్ళకు 70 అంగుళాలు, అంటే దాదాపు నాలుగు మూరలు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, కుడి చంక కిందుగా, గుండె మీదుగా ఎడమ భుజం చేరడానికి మూడు మూరలు. భుజం దిగి వీపున వేలాడే కొంగుకు రెండున్నర. అన్నీ కూడితే పన్నెండుకు పావు తక్కువ. ఆ పావు మూరే మన ఒళ్ళు పెరగడానికీ తరగడానికీ ఉన్న వెసులుబాటు.

మా పిల్ల చేసిన పొరపాటు ఇదే. ఉన్న నాలుగు మూరల మిగులును ముందు కుచ్చిళ్ళుగానూ చూపించాలనుకుంది, వెనక కచ్చగానూ దోపాలనుకుంది. అదే డబ్బుతో రెండు ఇళ్ళ అద్దె కట్టాలంటే ఎలా?

మామూలు కట్టు అంటున్నాం గానీ అదేమంత మామూలుది కాదు. పుస్తకాల్లో దీన్ని నీవి కట్టు అంటారు. నీవి అంటే నడుము దగ్గరి ముడి, కావ్యాల్లో తరచు కనిపించే మాటే. మనవాళ్ళు పోకముడి అని కూడా అన్నారు. విచిత్రమేమిటంటే ఇవాళ్టి నీవి కట్టులో ముడే లేదు. చీరకు వెయ్యాల్సిన ముడి లోపలి లంగా బొందుకు వెళ్ళిపోయింది. చీర ఆ బొందును నమ్ముకుని నిలబడుతుంది. అందుకే లంగా వదులైతే పట్టుచీరైనా, నూలుచీరైనా గంటలో కిందికి దిగుతుంది. చీర కట్టడం రాదని బాధపడే ఆడపిల్లల్లో సగం మందికి రానిది చీర కట్టడం కాదు, బొందు బిగించడం.

రెండో రహస్యం వరస. చాలామంది మొదటి చుట్టు తిప్పగానే కుచ్చిళ్ళు పెట్టేస్తారు, మిగిలిందే పైట అవుతుంది. అలా చేస్తే కొంగు ఒకరోజు మోకాలి దాకా, ఒకరోజు నడుం దాకా వస్తుంది. అనుభవమున్న చేతులు దీన్ని తిరగేసి చేస్తాయి. మొదటి చుట్టు అయ్యాక చీర రెండో కొస పట్టుకుని ముందు పైట వేసి, కొంగు ఎక్కడిదాకా వేలాడాలో తేల్చి, భుజం దగ్గర తాత్కాలికంగా ఒక పిన్నీసు పెడతారు. అప్పుడు నడుం దగ్గర వదులుగా మిగిలిన బట్టంతా కుచ్చిళ్ళ వాటా. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మడతమీద మడత పేర్చుకుంటూ పోవాలి. మడతలన్నీ ఎడమవైపు చూడాలి, పై అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. కింద అంచు ఎగుడుదిగుడుగా ఉంటే పైనే తప్పుందని అర్థం. కింద ఎంత లాగినా ప్రయోజనం లేదు. బొడ్డుకు కాస్త ఎడమగా లోపలికి దోపి, వేళ్ళతో కిందికి ఒకసారి దువ్వాలి. చెప్పులు ముందే వేసుకుని నిలబడాలన్నది వేరే చెప్పనక్కర్లేదు గానీ, పెళ్ళిళ్ళలో చూస్తుంటాను, చీర కట్టాక హైహీల్స్ ఎక్కి చీలమండలు బయటపెట్టుకు తిరిగేవాళ్ళు ఇంకా తగ్గలేదు.

కుచ్చిళ్ళు ఎన్ని అన్నది బట్టను బట్టి. గంజి పెట్టిన నూలు చీర ఎదురు తిరుగుతుంది; దానికి వెడల్పాటి కుచ్చిళ్ళు నాలుగో అయిదో చాలు, లేకపోతే పొట్టమీద దిండు పెట్టుకున్నట్టు లేస్తుంది. జార్జెట్, షిఫాన్ నీళ్ళలాంటివి, ఎన్ని సన్న మడతలు పెట్టినా పడి ఉంటాయి. పెద్ద జరీ అంచున్న పట్టుచీర బరువుతో కిందికి లాగుతుంది కాబట్టి మడతలు తమంతట తామే నిటారుగా నిలుస్తాయి. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు రెండుసార్లు ఉతికాక అసలు స్వభావం చూపిస్తాయి. కొత్త చీరతోనే నేర్చుకోవాలని పట్టుబట్టడం కొత్త బండితో డ్రైవింగ్ నేర్చుకోవడంలాంటిది. ఫాల్ కుట్టించడం కూడా అందుకే. అది కింద అంచుకు బరువిస్తుంది, కాలి పట్టీల నుంచీ చెప్పుల నుంచీ కాపాడుతుంది. మా అమ్మ తరానికి ఫాల్ ఒక సౌకర్యం. నాయనమ్మ తరానికి దాని పేరే తెలియదు.

నాయనమ్మది నడిగడ్డ, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల. ఆమె చీరలు 18 మూరలవి, ముతక నూలువి. లంగా లేదు, పిన్నీసు లేదు, అద్దం లేదు. తెల్లవారుజామున చీకట్లో, దండెం పక్కన నిలబడి, నిమిషంలో కట్టేసేది. చీర ఒక కొస మూడు మూరలు వదిలి, పొడుగాటి వైపు నడుం చుట్టూ తిప్పి, రెండు పై అంచులు చిటికెడు బయటికి లాగి బొడ్డు దగ్గర ముడి వేసేది. ఇదీ అసలు పోకముడి. ఒకసారి పడిందంటే సాయంత్రం దాకా కదలదు. వదిలిన కొసను మడతలు పెట్టి కాళ్ళ సందులోంచి వెనక్కి తీసి, నడుం మధ్యలో, వెన్నుపూస మీద దోపేది. అది గోచి, కచ్చ అన్నా అదే. తర్వాత మిగిలిన పొడుగును ఇంకోసారి చుట్టి, ముందు సింగులు పెట్టి (మావైపు కుచ్చిళ్ళను సింగులంటారు), కొసను భుజం మీదుగా తెచ్చి రొంటిన చెక్కేది. చిన్నప్పుడు నాకది మోటుగా కనిపించేది. అమ్మలాగా ఎందుకు కట్టుకోవని అడిగితే నవ్వింది. “గోసి లేకుంటె మడిలకు దిగుడెట్ల బిడ్డా? చీర నీళ్ళు తాగుతది.”

చీర నీళ్ళు తాగడం. వరినాట్లలో మోకాలిలోతు బురదలో గంటల తరబడి వంగి నిలబడే మనిషికి ముందు వేలాడే కుచ్చిళ్ళు ఒక శత్రువు. అవి తడుస్తాయి, బరువెక్కుతాయి, కాలికి చుట్టుకుంటాయి. గోచి ఆ బట్టనంతా నీళ్ళకు అందకుండా వెనక్కి ఎత్తేస్తుంది. రెండు కాళ్ళూ విడివిడిగా అవుతాయి, వంగినా ఎగిరినా ఒళ్ళు కప్పే ఉంటుంది. భీమిలి, కాకినాడ తీరాల్లో గంప నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచే మత్స్యకార స్త్రీలు చీరను పిక్కలపైకి బిగించి కట్టడానికీ, మరాఠీవాళ్ళ తొమ్మిది గజాల నౌవారి కట్టుకీ ఇదే కారణం. మరోవైపు అదే కచ్చను మడిచీరలో చూస్తాం. వంటింట్లో, పూజగదిలో మడి పాటించే ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కచ్చ పోసి కట్టిన చీరతోనే ఉండేవారు. తమిళ బ్రాహ్మణుల మడిసారూ ఆ కుటుంబమే; అయ్యర్లు కొంగును కుడి భుజం మీద వేస్తారు, అయ్యంగార్లు ఎడమ భుజం మీద. బురదకూ మడికీ ఒకే కట్టు పనికొచ్చిందంటే కులాల గొప్పల సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చు.

గోచి కట్టుకు చీర కూడా దానికి తగ్గట్టే ఉండాలి. మొదటిది పొడుగు. 18 మూరలుంటేనే మిగులు రెండు చోట్లకు సరిపోతుంది. రెండోది అంచు. నీవి కట్టులో పై అంచు సగం నడుం దగ్గర దోపులో దాక్కుంటుంది, కింది అంచుకే రాజ్యం. గోచిలో కొస వెనక్కి తిరిగేసరికి అంచు కాలి వెనక భాగాన నిలువు గీతగా పైకి పోతుంది. నడుస్తుంటే ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి దాక్కుంటుంది. కాబట్టి రెండు అంచులూ చూపుకు నిలవాలి, బట్ట రెండువైపులా ఒకేలా ఉండాలి. గద్వాల చీర నాకు ఈ విషయంలో ఎప్పుడూ ఆశ్చర్యమే. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటినీ అంచునూ కుట్టుతో కాక మగ్గం మీదే అడ్డపోగును అడ్డపోగుతో పెనవేసి కలుపుతారు, కుప్పడం అంటారు దాన్ని. కట్టుకున్నవాళ్ళకు దాని ఫలితం వెంటనే తెలుస్తుంది: నడుం చుట్టూ ఉండే నూలు జారకుండా పట్టుకుంటుంది, చెమట పీలుస్తుంది, భుజం మీది పట్టు బరువుగా, నునుపుగా పడుతుంది. ఒకే చీరలో రెండు చీరల స్వభావం. నేసినవాడికి కట్టేవాళ్ళ ఒళ్ళు తెలుసు.

మగ్గాలమీద 18 మూరలు తగ్గి 12 మూరలే నిలిచాయి. గోచి కట్టేవాళ్ళు తగ్గి పొడుగు చీరలు ఆగాయో, పొడుగు చీరలు దొరక్క గోచి ఆగిందో గాని, రెండూ చెయ్యి పట్టుకునే వెళ్ళిపోయాయి. ఈ మాట అంటే మా పిల్లకు జాలి కలగలేదు. “మరి నాయనమ్మ చీర ఒక్కటైనా దాచలేదా?” అని మాత్రం అడిగింది. దాచాను. దాని సంగతి చివర చెబుతాను.

నీవి కట్టు అందరి కట్టు ఎలా అయింది? దాని మూలాలను ఆంధ్ర, దక్కన్ ప్రాంతాలకు ముడిపెడతారు గానీ దేశమంతా తిరగడానికి దానికి వేరే దారులు దొరికాయి. సత్యేంద్రనాథ్ ఠాగూర్ మొదటి భారతీయ ఐసీఎస్ అధికారి. ఆయన ఉద్యోగరీత్యా 1864లో బొంబాయి ప్రాంతానికి వెళ్ళినప్పుడు భార్య జ్ఞానదానందినీ దేవి అక్కడి పార్సీ స్త్రీల చీరకట్టు చూశారు. బెంగాల్లో అప్పటికి ఇంటిపట్టున కట్టే ఒంటిచీర బయటికి రావడానికి వీల్లేనిది. ఆమె రవిక, లోపలి లంగా చేర్చి, పార్సీలు కుడి భుజం మీద వేసే కొంగును ఎడమకు మార్చారు. కుడిచెయ్యి ఖాళీ అయింది. బ్రాహ్మసమాజపు ఇళ్ళనుంచి అది చదువుకున్న కుటుంబాలకు పాకింది. ఇంకోవైపు చిత్రకారుడు రవివర్మ గీసిన లక్ష్మీ సరస్వతులు, 1894లో ఆయన ప్రెస్ మొదలయ్యాక, పటాలై గోడగోడకూ చేరారు. దేవతలు చీరకట్టుకుని ఎలా నిలబడతారో జనానికి ఒక బొమ్మ పడిపోయింది. తర్వాత సినిమా. 1971 ప్రేమనగర్‌లో వాణిశ్రీ కట్టిన చీరలూ, చుట్టిన కొప్పులూ మా అమ్మవాళ్ళ కాలేజీని ఎలా ఊపేశాయో ఆమె ఇప్పటికీ చెబుతుంది, నాన్న వింటుంటే కాస్త తగ్గించి.

అంతకుముందు మన చీర ఎలా ఉండేదో చూడాలంటే లేపాక్షి వెళ్ళాలి. వీరభద్రాలయం కప్పుమీద 16వ శతాబ్దపు బొమ్మల్లో స్త్రీల కొంగులు గాల్లో మొనదేరి, కత్తిరించిన కాగితంలా పొడుచుకొచ్చి ఉంటాయి. గీసినవాడు గంజి చీరను చూసే గీశాడని నా అనుమానం. వాటి పువ్వులూ చారలూ మన నేతలోకి మళ్ళీ వచ్చాయి. ఆ కొంగుల కోణం మాత్రం ఏ బ్యూటీషియనూ ఇంకా ప్రయత్నించలేదు.

నీవి కట్టును నేను తక్కువ చేయడం లేదు. కుర్చీలో కూర్చోవడానికి, రైలెక్కడానికి, సభలో నిలబడి మాట్లాడటానికి అంతకంటే అనువైన కట్టు లేదు. మిగులునంతా ముందుకు తెచ్చి కాలికి అడుగు వేసేంత చోటు మాత్రమే ఇస్తుంది, అంతకంటే ఎక్కువ పని చెప్పదు. పని చెప్పాల్సి వచ్చినప్పుడు మన ఆడవాళ్ళే దాన్ని విప్పకుండా మార్చుకున్నారు. పత్తి చేలో చూడండి. పొద్దున బస్సు దిగినప్పుడు అందరిదీ నీవి కట్టే. చేలోకి రాగానే కుచ్చిళ్ళు ఎత్తి నడుం పక్కన దోపుతారు, పొడుగు తగ్గుతుంది. ఏరడం మొదలయ్యాక ముందుభాగాన్ని పైకి మడిచి కొసలు బిగించి ఒడి కడతారు. పత్తి అందులో నిండుతుంది. మధ్యాహ్నం ఎండకు కొంగు నెత్తిమీదికి పోతుంది. మోపు ఎత్తాలంటే అదే కొంగు మెలిపెట్టి చుట్టకుదురు. కూలి డబ్బులు రొంటిన, లేకపోతే కొంగు ముడిలో. చంటిపిల్ల ఉంటే పాత చీర ఇంకొకటి చెట్టుకొమ్మకు ఉయ్యాల. ఒక్క పగలు, ఒక్క చీర, అయిదారు కట్లు. ఎవరూ వాటికి పేర్లు పెట్టలేదు కాబట్టి అవి స్టైళ్ళ లెక్కలోకి రాలేదు.

మిరప తోటల్లో మగవాళ్ళ పాత చొక్కా చీర మీద తొడుక్కుంటారు, ఎండకూ ఘాటుకూ. ఇప్పుడు ఫ్యాషన్ పేజీల్లో చొక్కా మీద చీర కడుతున్నారు. వరస మారింది, అంతే. మొదటిది ఎవరిదన్న గొడవ నాకు లేదు గానీ, రెండోదాన్ని ‘ప్రయోగం’ అన్నప్పుడు మొదటిదాన్ని కూడా అనాలి.

కట్లు లెక్కపెట్టినవాళ్ళున్నారు. షాంతాల్ బూలాంజే అనే ఫ్రెంచి మానవ శాస్త్రవేత్త ఊళ్ళు తిరిగి, వందకు పైగా కట్లను మెట్టుమెట్టుగా బొమ్మలతో 1997లో పుస్తకం చేశారు. ఋతా కపూర్ చిస్తీ 2010 నాటి తన పుస్తకంలో 108 కట్లు పెట్టారు. 2017లో బార్డర్ అండ్ ఫోల్డ్ సంస్థ ఎనభైకి పైగా కట్లకు చిన్న చిన్న సినిమాలు తీసి ఉచితంగా ఉంచింది. నేర్చుకోవాలనుకునేవాళ్ళకు దానికంటే మంచి గురువు లేదు, ఎందుకంటే అందులో మాటలు తక్కువ, చేతులు ఎక్కువ. కోల్‌కతాకు చెందిన చీరకట్టు నిపుణురాలు డాలీ జైన్ పేరిట 325 రకాలు చెబుతారు. వందకూ 325కూ తేడా ఏమిటి? మొదటివాళ్ళు ఒక జనం తరతరాలుగా కట్టినదాన్ని ఒకటిగా లెక్కపెట్టారు. రెండోది పైట మడత మారినా కొత్తదే అనే లెక్క. రెండూ సరైనవే.

వాటిలో కొన్నింటిని చూస్తే మిగులు బట్ట ఎన్ని చోట్లకు పోగలదో తెలుస్తుంది. కొడగు స్త్రీలు కుచ్చిళ్ళను వెనక్కి పెడతారు. కావేరి పొంగి వచ్చినప్పుడు ఆ వడికి కుచ్చిళ్ళు వెనక్కి తిరిగిపోయాయని వాళ్ళ కథ. కొండ ఎక్కేవాళ్ళకు ముందు ఖాళీగా ఉండటం మేలని మనకు తోస్తుంది, కథ మాత్రం నదిదే బాగుంది. బెంగాలీ కట్టులో సన్న కుచ్చిళ్ళుండవు, వెడల్పాటి రెండు మూడు మడతలే. మిగిలింది రెండుసార్లు ఒంటిని చుట్టి, తాళంచెవుల గుత్తితో బరువెక్కి భుజంమీంచి వెనక్కి పడుతుంది. గోవా కుణబీ స్త్రీలది భుజం మీద ముడి, మోకాళ్ళ కిందిదాకా పొట్టి చీర. డిజైనర్ వెండెల్ రోడ్రిక్స్ ఆ చీరను మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. కర్ణాటక హాలక్కి జాతి తులసి గౌడ 2021లో పద్మశ్రీ అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కు చెప్పుల్లేకుండా, తమ వాళ్ళ కట్టుతోనే, రవిక లేకుండా మెడనిండా పూసలతో వెళ్ళారు. ఆ ఫోటో చూసినవాళ్ళకు చీరకట్టు మర్యాద గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇక మన పిల్లలు ఇప్పుడు చేస్తున్నవాటిలో నాకు నచ్చినవి చెబుతాను. లంగాఓణీ కట్టు బాగుంటుంది: చీర మొదటి సగాన్ని నడుం చుట్టూ చిన్న కుచ్చిళ్ళుగా వరసగా దోపుకుంటూ పోతే లంగాలా విచ్చుకుంటుంది, మిగిలింది ఓణీలా ముందుకు వస్తుంది. మిగులును ఒక్కచోట కాకుండా చుట్టూ పంచడం ఇందులో కిటుకు. దీనికి పలచటి, మెత్తటి బట్టే కావాలి. గద్వాలతో చేస్తే నడుం డోలులా అవుతుంది. కొంగును మెడచుట్టూ తిప్పి కండువాలా ముందుకు వదలడం చలికి, ఏసీకి పనికొస్తుంది. పైట మీద బెల్టు పెట్టడం కొత్తేమీ కాదు, మన వడ్డాణం చేసిన పనే, ధర మాత్రం తగ్గింది. ముంతాజ్ 1968 బ్రహ్మచారి సినిమాలో కట్టిన చుట్లు చుట్లుగా బిగిసిన చీర ఇప్పటికీ పెళ్ళి సంగీత్‌ల్లో కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, అందులో మెట్లెక్కడం గురించి నేనేమీ అనను.

పిన్నీసుల గురించి ఒక మాట. పెళ్ళికూతుళ్ళకు ముందురోజే చీర మడతలు ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి, పెట్టెలా మడిచి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఇంట్లో కూర్చుని చేసుకునే మంచి సంపాదన, వాళ్ళ చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది. ప్రీ ప్లీటింగ్ అని బోర్డు పెట్టుకుంటారు. కుచ్చిళ్ళు దువ్వెన పళ్ళలా నిలుస్తాయి. కానీ నలభై పిన్నీసులతో బిగించిన చీరలో పెళ్ళికూతురు వంగి కాళ్ళకు దండం పెట్టలేక ఇబ్బంది పడటం నేను చూశాను. పిన్నీసు రెండుచోట్ల చాలు: భుజం దగ్గర ఒకటి, రవిక లోపలినుంచి; కుచ్చిళ్ళ పైన ఒకటి, లంగాకు కలిపి. పట్టు చిరగకుండా పిన్నీసుకు ముందు ఒక పూస ఎక్కిస్తే దాని చుట్టలో పోగు ఇరుక్కోదు. ఇది కూడా ప్రీ ప్లీటింగ్ చేసే ఆవిడ చెప్పిందే.

కత్తిరించి, జిప్పు కుట్టి, లంగాలా తొడుక్కునే రెడీమేడ్ చీరలంటే మాత్రం నాకు కాస్త కడుపుమంట. సమయం లేనివాళ్ళకు, చేతులు సరిగా ఆడనివాళ్ళకు అవి వరం, కాదనను. కానీ చీర కోయని బట్ట. అమ్మకూ కూతురికీ కొలత మారినా పనికొస్తుంది, లావైనా సన్నబడినా పనికొస్తుంది, చివరికి పాతబడితే బొంత అవుతుంది. జిప్పు పడ్డాక అది ఒక్కరి ఒంటికి అతుక్కుపోయింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు దీన్ని ఒప్పుకోదు. అక్టోబరు చలిలో పార్కింగ్ లాట్ నుంచి బతుకమ్మ ఆడే హాలుదాకా నడిచి చూడు, అప్పుడు మాట్లాడు అంటుంది. అది లంగా బదులు థర్మల్ లెగ్గింగ్స్ వేసి, వాటి నడుంపట్టీలోకే కుచ్చిళ్ళు దోపుతుంది, పైన కోటు. కోటు విప్పాక కొంగు బయటికి తీసి, వంగి చప్పట్లు కొట్టడానికి అడ్డురాకుండా నడుం చుట్టూ తిప్పి చెక్కుతుంది. రొంటిన ఫోను. అక్కడ కూడా పని వచ్చి కట్టును మార్చింది, నాకు వాదించడానికేమీ మిగలలేదు.

వార్షికోత్సవం ముందు రాత్రి నాయనమ్మ చీర తీశాను. ముదురు ఎరుపు, పసుపు అంచు, బొగ్గు రంగు గళ్ళు. మంచం మీద పరిస్తే అటూ ఇటూ నేలమీదికి జారింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. ముడి దాకా ఇద్దరం బాగానే వచ్చాం. గోచి దోపు దగ్గర ఆగిపోయాం. మడతలు వెనక్కి వచ్చాయి, దోపాం, రెండడుగులకే వదిలేసింది. జార్జెట్‌కు జరిగిందే మళ్ళీ. ఇంక లాభం లేదని ఊళ్ళో ఉన్న మా మేనత్తకు వీడియో కాల్ చేశాను. ఆమెకు డెబ్బై నాలుగు, ఇరవై ఏళ్ళుగా నైలాన్ చీరలే, అవీ నీవి కట్టే. ఫోన్‌లో పిల్లను వెనక్కి తిరగమంది. చూసింది.

“అట్ల దోపుతర్రా? దోపి, మల్ల పైకి మడవాలె. అంచు మీద అంచు ఎక్కాలె.”

మాకు అర్థం కాలేదు. ఆమె విసుక్కుని ఫోన్‌ను అల్మారా గూట్లో నిలబెట్టి, వెనక్కి తిరిగి, ఒంటిమీది నైలాన్ చీర మీదే, లేని గోచి మడతలను రెండు చేతులతో పట్టుకుని, నడుం మధ్యలోకి తోసి, వేళ్ళు మెలితిప్పి, మణికట్టుతో ఒక్క తోపు తోసింది. “గిట్ల” అంది. ఫోన్ జారి బోర్లా పడింది. చీకట్లోంచి ఆమె గొంతు, “కనిపించిందా బిడ్డా?” అని రెండుసార్లు వినిపించింది. మా పిల్ల అప్పటికే మణికట్టు తిప్పి చూసుకుంటోంది.